అంచు లోపలికి

మడత బల్ల చివర నిలబడితే అందరి చేతులూ కనిపిస్తాయి. మొహాలు కనిపించవు, ఆవిరి అడ్డం వస్తుంది. అందుకే పెద్దక్క ఇన్నేళ్ళుగా ఆ చోటు ఎవరికీ వదల్లేదు. మొహానిదేముంది, ఎవరైనా నవ్వగలరు, ఎవరైనా తల ఊపగలరు, అసలు మనిషి చేతుల్లో ఉంటాడని ఆమె నమ్మకం. ఆసుపత్రుల నుంచీ హోటళ్ళ నుంచీ మూటలుగా వచ్చిన దుప్పట్లు అటువైపు మెషీన్లలో ఉతుకు పూర్తయి, ఆరబెట్టే డ్రమ్ముల్లో తిరిగి, ఇస్త్రీ రోలర్ల కింద నుంచి వేడివేడిగా ఈ బల్ల మీదకి జారతాయి. ఇద్దరేసి ఆడవాళ్ళు చెరో కొసా పట్టుకుని మడుస్తారు. చివరి మడతలో అంచు బయటికి రావాలి, కుట్టు కళ్ళకి కనబడాలి, అది ఇక్కడి పద్ధతి, ఇక్కడిదేమిటి, ఊరంతా అదే పద్ధతి, మనవాళ్ళ ఏ ఇంట్లో చూసినా అదే. అంచు లోపలికి పోతే పెద్దక్క ఊరుకోదు, విప్పించి మళ్ళీ మడిపిస్తుంది. చూసీ చూసీ ఏ మడత ఎవరిదో మొహం చూడకుండానే చెప్పగలదు. ఈ మధ్యాహ్నం మాత్రం ఆమె ఆ చేతుల్ని పని కోసం చూడడం లేదు. టీ వేళలోగా వాటిలో ఒక మనిషివి ఎంచాలి.

భోజనాల గంట కొట్టగానే ఓనరు తన గదిలోకి పిలిచాడు. కళ్ళజోడు తుడుచుకుంటూనే ఉన్నాడు, తుడిచిన అద్దాన్నే తుడిచాడు, ఆమె వైపు చూడలేదు. “ఒక్క మనిషిని చూపించండి చాలు, పెద్దక్కా. ఇక్కడ అవతలివాళ్ళ మనిషి ఒకరున్నారని సంఘానికి ఎవరో చెప్పారట. టీ వేళకి వస్తామన్నారు. చూపిస్తే ఆ ఒక్కరినీ పంపించేస్తారు, మిగతావాళ్ళ జోలికి రారు. లేదంటే లాండ్రీకి తాళం వేస్తామంటున్నారు.” ఎవరు చెప్పారండీ అని ఆమె అడిగితే, ఎవరో అన్నాడు. ఆ ‘ఎవరో’ పంటి కింద రాయిలా పెద్దక్క నోట్లోనే ఉండిపోయింది, భోజనం చేస్తున్నంతసేపూ తగిలింది. ఎవరు? డ్రమ్ముల దగ్గర పనిచేసే మెషీను మామా? ఎవడి ఊసూ పట్టనట్టు ఉంటాడు గానీ అన్నీ వింటాడు, మొన్నటి నుంచీ ఆమెని చూసి తల తిప్పుకుంటున్నాడు కూడా. మూటలు తెచ్చే బండి డ్రైవరా? ఓనరే కల్పించాడేమో, ఎవరినైనా వదిలించుకోవాలని. లేకపోతే ఓనరు ఆ కళ్ళజోడు అన్నిసార్లు తుడవడమేమిటి? మనసులో ఏదీ లేనివాడు మనిషి మొహం చూసి మాట్లాడతాడు. ఇంకో మాట కూడా అన్నాడు ఆయన, గడప దాటుతుంటే వెనక నుంచి, “మీ అల్లుడుగారే వస్తున్నారు, మీకు భయమేముంది” అని. భయమని ఆమె అనలేదే. ఎందుకన్నాడు ఆ మాట?

అల్లుడు ఈ పేటలో సంఘానికి కార్యదర్శి. ఒకప్పుడు సైకిళ్ళ షాపులో ట్యూబులకి పంక్చర్లు వేసేవాడు, నోట్లో నాలుక లేని మనిషి, అత్తగారి ముందు కూర్చోవడానికి కూడా మొహమాటపడేవాడు. సంఘంలో చేరాక ఇప్పుడు వీధిలో వెళ్తుంటే షాపులవాళ్ళు లేచి నిలబడుతున్నారు. ఆమెకి గర్వంగానే ఉండేది, లేదంటే అబద్ధం. మన మట్టి మనదే అని గోడల మీద పెద్ద అక్షరాలతో రాయించింది అతనే. కిందటి ఆదివారం భోజనాలయ్యాక చెప్పుకొచ్చాడు, రంగు చూసి పోల్చుకోవడం కష్టం అత్తయ్యా, నల్లవాళ్ళు మనలోనూ ఉన్నారు, అవతలివాళ్ళలో తెల్లగా ఉన్నవాళ్ళూ ఉన్నారు, కలిసిపోయారు, చెవి చూడాలి, వాళ్ళ చెవి తమ్మె కిందికి వేలాడదట, చెంపకి అతుక్కుని ఉంటుందట, సంఘంలో చదువుకున్నవాళ్ళు తేల్చారు. ఆ మాట పేటంతా పాకింది. అప్పటినుంచీ చూడాలి ఈ లాండ్రీలో తమాషా, ప్రతివాళ్ళూ ఎదుటివాళ్ళ చెవుల వంకే, మాట్లాడుతూ మాట్లాడుతూ చూపు పక్కకి జారుతుంది, ఆడవాళ్ళు తలగుడ్డలు చెవుల మీదకి లాక్కుంటున్నారు, మెషీను మామ ఒకరోజు డ్రమ్ము మూత స్టీలులో తన చెవి చూసుకుంటూ దొరికిపోయాడు. పెద్దక్క నవ్వింది ఆ రోజు. నవ్వి ఇంటికెళ్ళి అద్దం ముందు నిలబడింది. తన తమ్మెలు బాగానే వేలాడుతున్నాయి, దేవుడా అనుకుంది. మొన్న మనవరాలికి జడ వేస్తుంటే మాత్రం దువ్వెన ఆగిపోయింది, పిల్ల ఎడమ తమ్మె అతుక్కునే ఉంది, కుడిది కాదు, ఎడమది. తండ్రి పోలిక అయ్యుంటుందిలే అనుకుంది. అనుకున్నాక తట్టింది, అల్లుడు ఈ మధ్య జుట్టు చెవుల మీదకి పెంచుతున్నాడు. ఎందుకు పెంచుతున్నాడు?

చెవులు ఉత్త మాటలు. పెద్దక్కకి అసలు గుర్తు తెలుసు. నిన్న కళ్ళారా చూసింది.

కొత్తామె అని ఒకామె ఉంది, వచ్చి ఎన్నాళ్ళయినా ఆ పేరు పోలేదు, బల్లకి అటుచివర నిలబడుతుంది. నెమ్మదస్తురాలు. తన గురించి అడిగితే నవ్వి, అడిగినవాళ్ళ పిల్లల గురించి అడుగుతుంది, అడిగినవాళ్ళు తమ గోల చెప్పుకుని వెళ్ళిపోతారు, ఏమడగబోయారో మర్చిపోతారు. అందులోని నేర్పు పెద్దక్కకి కాక ఇంకెవరికి తెలుస్తుంది? బల్ల మీద మడిచేటప్పుడు అంచు బయటికే మడుస్తుంది, తప్పు పట్టడానికి లేదు. నిన్న పని అయ్యాక, అందరూ మేకులకి తగిలించిన శాలువాలు తీసుకుని వెళ్ళిపోతుంటే, ఎండ వచ్చిందని కొత్తామె శాలువా కప్పుకోకుండా మడిచింది. ఒక్కతే, గడ్డం కింద పట్టుకుని, ఠకఠకా. చివరి మడతలో అంచు లోపలికి పోయింది. బయటికి నున్నటి మడత ఒక్కటే కనబడింది, కుట్టు లేదు, కొస లేదు. పెద్దక్క అక్కడే ఆగిపోయింది. కొత్తామె తలెత్తి చూసింది, చూసి కంగారు పడలేదు, శాలువా సంచిలో పెట్టుకుంది, వెళ్ళొస్తా పెద్దక్కా అంది. కంగారు పడకపోవడమే అనుమానం. దొరికిపోయినామె అలా చూడదు. తనకి చూపించాలనే చేసిందా? ఎందుకు చూపిస్తుంది? ఎవరో పంపితే వచ్చిందేమో, తనని పరీక్షించడానికి, పెద్దక్క చూసి కూడా చెబుతుందా దాస్తుందా అని. రాత్రంతా పెద్దక్క మనసులో ఆ శాలువా విప్పుకుంటూ మడుచుకుంటూనే ఉంది.

ఆ గుర్తు ఆమెకి ఎవరో చెబితే తెలిసింది కాదు. చిన్నప్పుడు వాళ్ళ వీధిలో గడియారాలు బాగుచేసే ఆయన ఉండేవాడు, ఒంటి కంటికి అద్దం బిగించుకుని పిల్లల్ని దాంట్లోంచి చూసి బెదిరించేవాడు, అందరికీ ఇష్టం. ఒకరోజు పొద్దున్నే ఆ ఇంటి ముందు జనం. వాళ్ళు అవతలివాళ్ళట, ఇన్నాళ్ళూ చెప్పలేదట. సామానంతా వీధిలోకి వచ్చి పడింది, గడియారాలు, కుర్చీలు, ఒక పెట్టె పగిలి లోపలి దుప్పట్లు మడతలు విడకుండానే మట్టిలో పడ్డాయి. వీధిలో ఆడవాళ్ళు ఒకర్నొకరు పొడుచుకుని చూపించుకున్నారు, చూశావా, అంచు లోపలికి, అన్నీ అంచు లోపలికే, మనకి ఇన్నాళ్ళూ తెలియలేదు చూడు. అంత తేలికైన గుర్తు తమ కళ్ళ ముందే ఉన్నందుకు వాళ్ళకి ఒకలాంటి సంతోషం. గడియారాలాయన భార్య వంగి ఒక్కో దుప్పటీ దులుపుతోంది, మట్టి పైమడతకే అంటింది గానీ అంచులకి అంటలేదు. పెద్దక్క అప్పుడు అమ్మ పక్కన నిలబడి ఉంది. అమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది, మణికట్టు దగ్గర, నొప్పి పుట్టేలా. ఆ నొప్పే గుర్తుంది, ఇప్పటికీ.

రోలరు ఆగింది. మెషీను మామ ఏదో తిప్పాడు, మళ్ళీ కదిలింది. ఆగినప్పుడల్లా అందరూ తలుపు వైపు చూస్తున్నారు. వీళ్ళకి తెలుసా? ఓనరు తనకొక్కతెకే చెప్పానన్నాడు. కానీ తలగుడ్డలు ఇంకాస్త కిందికి దిగాయి, మాటలు తగ్గాయి, మామూలుగా ఈ వేళకి ఎవరో ఒకరు ఓనరు నడకని అనుకరించి నవ్విస్తారు, ఇవాళ ఎవరూ లేరు. కొత్తామె గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చింది.

“తాగండి పెద్దక్కా. పొద్దుట్నుంచీ చూస్తున్నాను, మీరు నీళ్ళు ముట్టలేదు.”

“నన్ను చూస్తున్నావా?”

“అందరం మిమ్మల్నే చూస్తాం కదా, మడత బాగుందో లేదో చెబుతారని.”

ఆ మాటలో ఏమైనా ఉందా? మడత అని ఎందుకు అనాలి, పని అనవచ్చుగా. పెద్దక్క గ్లాసు తీసుకుంది, తాగలేదు, బల్ల కింద పెట్టింది. కొత్తామెకి ఇద్దరు పిల్లలని విన్నది. మొగుడు ఎక్కడో పెద్ద వంతెన పనుల్లో ఉన్నాడట, ఉన్నాడో లేడో. పేరు చెప్పేస్తే ఏమవుతుందో పెద్దక్కకి బాగా తెలుసు. కిందటి వానల్లో పక్కన బేకరీలో పొయ్యి చూసుకునే అతన్ని ఇలాగే తీసుకొచ్చి వీధిలో నిలబెట్టారు. పొయ్యి దగ్గరి నుంచి అలాగే తెచ్చారు, చేతులకి పిండి. ఎవరూ కొట్టలేదు, అది నిజమే, ఆ మాట తర్వాత అందరూ చెప్పుకున్నారు, మనవాళ్ళు చెయ్యి చేసుకోలేదు సుమా అని. అతను అద్దెకున్న గదికి తాళం మారింది, పిల్లల్ని బడిలోంచి పంపేశారు, చీకటి పడేలోగా ఊరు దాటాడు. లాండ్రీ కిటికీలోంచి అందరూ చూశారు. మనకెందుకులే అని మొదట అన్నది పెద్దక్కే, పనికి రండి, దుప్పట్లు చల్లారిపోతున్నాయి అని పిలిచింది. అప్పుడు చేతిలో టీ ఉంది. ఆ టీ పూర్తిగా తాగింది కూడా. మర్నాడు బేకరీలో రొట్టె మాడిపోయిందని అందరూ విసుక్కున్నారు, పొయ్యి సంగతి తెలిసినవాడు పోయాడని మాత్రం ఎవరూ అనలేదు.

పేరు చెప్పేస్తే సరి. కొత్తామె, ఒక్క మాట. శాలువా చూడండి అంటే చాలు. అల్లుడికి సంఘంలో ఇంకా పేరొస్తుంది, ఓనరు కళ్ళజోడు పెట్టుకుంటాడు, బల్ల దగ్గర ఇంతమందికి పని నిలుస్తుంది. తనకేం పోయింది? ఏమీ పోదు. పెద్దక్క ఆ మాట నోట్లో సర్దుకుని చూసుకుంది. ఎలా తెలిసింది అత్తయ్యా అని అడుగుతాడు. గడియారాలాయన దుప్పట్లు చూశాను అంటుంది. మట్టిలో పడ్డవి. ఆ సాయంత్రం. ఆ సాయంత్రం ఏం చేశారు ఇంటికెళ్ళి? ఏమీ లేదు, అమ్మతో ఆడుకుంది. అవును, దుప్పట్ల ఆట. వీధి తలుపు గడియ వేసి అమ్మ ఇంట్లో దుప్పట్లన్నీ తీసి మంచం మీద పోసింది, పిల్లని ఎదురుగా నిలబెట్టి కొసలు చేతికిచ్చింది. ఇప్పుడు నా దగ్గరికి రా, ఇప్పుడు వెనక్కి, ఇప్పుడు తిప్పు, అటు కాదు, ఇటు. ఎంత నవ్వుకుంది తను. అమ్మ కూడా నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది, నవ్వితే నీళ్ళు రావడం మామూలే కదా అనుకుంది. దుప్పట్లు, తువ్వాళ్ళు, దిండు గలీబులు, పాతగుడ్డలతో సహా అన్నీ విప్పి మళ్ళీ మడిచారు, అంచు బయటికి. ఆ ఆట ఒక పెట్టెలో, ఆ వీధి ఒక పెట్టెలో, ఇన్నేళ్ళూ విడివిడిగా ఉన్నాయి ఆమెలో. ఒక్కరోజే. ఒకే రోజు పొద్దునా సాయంత్రమూ. అంచు బయటికి మార్చారంటే, అంతకుముందు ఎటు ఉన్నట్టు?

చేతిలో దుప్పటి జారింది. ఎవరో అందుకున్నారు. ఏం పెద్దక్కా అంటే, ఏం లేదు, వేడి తగిలింది అంది.

అమ్మ వైపు వాళ్ళు ఎవరూ ఎప్పుడూ ఇంటికి రాలేదు. అందరికీ మేనమామలుంటే తనకి లేడు, అమ్మమ్మ ఎలా ఉంటుందో తెలియదు. అడిగితే చాలా దూరం అనేది అమ్మ. ఎంత దూరమమ్మా? నడిచి వెళ్ళలేనంత. నాన్న ఆ మాటలప్పుడు బయటికి వెళ్ళిపోయేవాడు, కోపంతో కాదు, వాకిట్లో నిలబడి ఎవరైనా వస్తున్నారేమో చూస్తున్నట్టు నిలబడేవాడు. అంటే నాన్నకి తెలుసు. అమ్మ దుప్పట్ల పెట్టె అడుగున ఒక్క దుప్పటి మాత్రం మార్చకుండా ఉంచుకుంది, పెళ్ళికి తెచ్చుకున్నది, దాని అంచు లోపలికే ఉండేది. ఇదెందుకమ్మా ఇలా అని ఒకసారి తను అడిగింది, కాస్త పెద్దయ్యాక. అంచుకి మట్టి అంటకూడదు, నేల మీద పెట్టాల్సి వస్తే, అంది అమ్మ. మనకి మంచం ఉందిగా, బీరువా ఉందిగా, నేల మీద ఎందుకు పెడతాం? ఎప్పుడు వెళ్ళమంటారో తెలియనివాళ్ళు అలా మడుస్తారని ఆ వయసులో తనకెలా తెలుస్తుంది. ఇప్పుడు తెలిసింది. మడత బల్ల చివర నిలబడి, అందరి చేతుల వంకా చూస్తూ, పెద్దక్క మొదటిసారి తన చేతుల వంక చూసుకుంది. ఈ చేతులు ఆటకి ముందు నేర్చుకున్నవి. ఇక్కడ పద్ధతి కాబట్టి బయటికి మడుస్తాయి. ఇంట్లో? ఇంట్లో ఎవరు చూడొచ్చారు. ఇంట్లో ఎటు వీలైతే అటు, అనుకునేది. ఎటు వీలవుతుందో ఎప్పుడూ చూసుకోలేదు. బీరువా మనసులో తెరిచింది. పై అర, కింది అర. నున్నటి మడతలు, వరసగా. ఒక్క అంచూ కనబడదు.

తన బీరువా సరే, ముసలి మనిషి బీరువా, ఎవరు చూస్తారు. కూతురు? కూతురికి మడవడం నేర్పింది ఎవరు? తనే, ఎదురుగా నిలబడి కొసలు పట్టుకుని, ఇప్పుడు నా దగ్గరికి రా అంటూ. కూతురి ఇల్లు, కూతురి బీరువా, అందులో సంఘం కార్యదర్శి చొక్కాల పక్కన దుప్పట్లు. రోజూ పొద్దున్నే ఆ బీరువా తలుపు తెరిచి చొక్కా తీసుకుంటాడు. మగాళ్ళు దుప్పట్ల వంక చూస్తారా? ఇతను చూస్తాడు, అన్నీ చూస్తాడు. కిందటి ఆదివారం చెవుల సంగతి చెప్పాక ఇంకేదో అన్నాడు, ఏమన్నాడు? మీ అమ్మాయి మడతపెట్టిన దుప్పటి విప్పాలంటే కొస దొరకదత్తయ్యా, వెతుక్కోవాలి అన్నాడు, నవ్వాడు. తనూ నవ్వింది. నవ్వడానికి అన్నాడా? ఇక్కడ ఒకరున్నారని సంఘానికి చెప్పిన ఆ ఎవరో ఎవరు? లాండ్రీలో ఉన్న ఆ ఒకరు ఎవరు? కొత్తామె కోసం వస్తున్నారని ఓనరు అనలేదు. మీకు భయమేముంది అన్నాడు. నిన్న కొత్తామె అంత నిదానంగా చూసింది దొరికిపోయినందుకు కాదేమో, తను భోజనానికి తెచ్చుకునే తువ్వాలు మడత ఎన్నిసార్లు చూసిందో, ఎన్నాళ్ళుగా తెలుసో. బెదిరించడానికా, మనం మనం ఒకటే అనడానికా? పెద్దక్కకి అటుచివరి చేతుల్ని చూడాలంటే భయం వేసింది.

టీ గంట మోగింది. మోగగానే తలుపు తెరుచుకుంది, గంట కోసమే బయట నిలబడ్డట్టు.

అల్లుడు, అతని వెనక ఇద్దరు కుర్రవాళ్ళు, వాళ్ళ ముందు చేతికర్రతో ఒక పెద్దాయన. ఆయన్ని పెద్దక్క ఎప్పుడూ చూడలేదు. ఓనరు కుర్చీ వేయించబోతే వద్దన్నాడు. అల్లుడు ఆమె వైపు చూసి తల వంచాడు, అత్తయ్యా అన్నాడు మర్యాదగా, “మా అత్తయ్య కంట్లో ఏదీ దాటిపోదు” అని పెద్దాయనకి చెప్పాడు. పెద్దాయన వినిపించుకోలేదు. చెవులు చూడబోయిన కుర్రవాళ్ళని కర్రతో ఆపాడు.

“ఆ చెవుల గొడవ కుర్రకారుది. మా నాన్న ఇంకోటి చెప్పేవాడు. మడత చూడమనేవాడు. ఇక్కడివి కాదు, ఇక్కడ నేర్పిన మడత మడుస్తారు. ఎవరి శాలువా వాళ్ళు తీసి మడవండి.”

మేకుల మీద శాలువాలు ఒక్కొక్కటే దిగాయి. పెద్దక్క చూస్తూ ఉంది. అంచు బయటికి, అంచు బయటికి, భయంతో వంకరగా పోయినా బయటికే. కొత్తామె వంతు వచ్చింది. గడ్డం కింద పట్టుకుంది, నిదానంగా, అరిటాకు పరిచినంత శ్రద్ధగా మడిచి బల్ల మీద పెట్టింది. అంచు బయటికి, గీత గీసినట్టు. నిన్నటిది పొరపాటు కాదని అప్పుడు పెద్దక్కకి రూఢి అయింది. ఏ చేత్తో ఎప్పుడు మడవాలో తెలిసిన మనిషి ఆమె. నిన్న కావాలనే చూపించింది.

పెద్దాయన మొహంలో చిరాకు. అల్లుడు గొంతు సవరించుకున్నాడు. “అత్తయ్యా, మీరు కూడా ఒకసారి. లేకపోతే మనవాళ్ళని వదిలేశారంటారు బయట.” నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వులో వెతికితే ఏమీ దొరకలేదు ఆమెకి.

ఆమె శాలువా పెద్దది, మందం. కొసలు దొరకబుచ్చుకుంది. అంచు బయటికి, బయటికి అని మనసులో చెప్పుకుంటోంది, ఇన్నేళ్ళుగా వేల దుప్పట్లు అలాగే మడిచింది, కానీ ఇది దుప్పటి కాదు, ఇది తన వంటి మీది గుడ్డ, చేతులు దాన్ని ఇంట్లో గుడ్డగానే పట్టుకున్నాయి, వద్దంటే వినకుండా తిరుగుతున్నాయి, ఇప్పుడు తిప్పు, అటు కాదు. ఏది అటు, ఏది ఇటు. ఇంకొక్క మడత ఉంది. ఆ మడత ఎటు పడబోతోందో ఆమెకి కనబడుతూనే ఉంది, ఆపలేకపోతోంది. అప్పుడు అవతలి కొస తేలికైంది. కొత్తామె వచ్చి పట్టుకుంది.

“పెద్దక్కకి భుజం నొప్పి, ఒక్కతే మడవలేదు,” అంది ఏ ఒక్కరితోనో కాకుండా అందరితో. రెండడుగులు ముందుకొచ్చి, పెద్దక్క చేతుల్లోంచి మడత తీసుకుని, తీసుకోవడంలోనే తిప్పేసి, అంచు పైకి వచ్చేలా బల్ల మీద పెట్టింది.

పెద్దాయన కర్ర నేలకి కొట్టాడు. “నిన్నెవరు రమ్మన్నారు? ఎవరు నువ్వు? నీ వాళ్ళెవరు?”

కొత్తామె ఈసారి అడిగినవాళ్ళ పిల్లల గురించి అడగలేదు. చేతులు ముందు కట్టుకుని నిలబడింది. బల్ల చుట్టూ అందరి చూపులూ ఆమె మీదే, ఆ చూపుల్లో ఊరట కూడా ఉంది, ఎవరో ఒకరు దొరికారన్న ఊరట. కిటికీలోంచి బేకరీ అతన్ని చూసినప్పుడు తన మొహంలో ఉన్నదీ ఇదే అయ్యుంటుంది.

“అత్తయ్యా,” అన్నాడు అల్లుడు నెమ్మదిగా. “ఈమె మీకు తెలిసిన మనిషేనా?”

“తెలియకేం,” అంది పెద్దక్క. “మా అమ్మ వైపు మనిషి.”

పెద్దాయన అల్లుడి వంక చూశాడు, ఇక అతని అత్తగారి బంధువుని ఏమంటాడు. అల్లుడు మాత్రం ఆమె కళ్ళలోకే చూస్తున్నాడు.

“పెళ్ళప్పుడు మీ అమ్మగారి వైపు ఎవరూ లేరన్నారు.”

“లేరనే అనుకున్నాను బాబూ. ఈ మధ్యే తెలిసింది.”

పెద్దాయన ఏదో గొణుక్కుంటూ తలుపు వైపు తిరిగాడు, పక్క వీధిలో ఇంకో చోటు చూడాలన్నాడు. ఓనరు వాళ్ళ వెనక పరిగెత్తాడు. అల్లుడు ఆఖరున ఆగాడు. బల్ల మీది ఆమె శాలువా అంచు వెంట వేలు పెట్టి ఆ కొస నుంచి ఈ కొస దాకా నడిపాడు. జుట్టు వెనక్కి తోసుకోబోయి, మళ్ళీ చెవి మీదకే సర్దుకున్నాడు.

“మా ఇంట్లో మడత ఇలా ఉండదత్తయ్యా,” అన్నాడు, ఇంకెవరికీ వినబడకూడదన్నట్టు చిన్నగా. “మీటింగు ఉంది నాకు. ఇంటికి వెళ్ళేసరికి బాగా ఆలస్యమవుతుంది. మీ అమ్మాయికి చెప్పండి.”

వెళ్ళిపోయాడు. అది బెదిరింపో, గడువో, దయో, పెద్దక్క ఆ మాటని అటూ ఇటూ తిప్పి చూసుకుంది, అంచు దొరకలేదు. అతనికి ఎప్పటి నుంచీ తెలుసు? తెలిసి కాపాడుతున్నాడా, తెలిసి ఊరికే ఎదురుచూస్తున్నాడా? చుట్టూ టీ గ్లాసులు కదిలాయి, ఎవరో ఓనరు నడక నడిచి చూపించారు, అందరూ ఎక్కువగా నవ్వారు. మెషీను మామ తనని చూస్తున్నాడు. చూడనీ.

కొత్తామె పక్కకి వచ్చి నిలబడింది. అల్లుడి మాట ఆమె చెవిన పడిందని మొహం చూస్తేనే తెలుస్తోంది.

“మీ అమ్మాయి ఇల్లు ఎంత దూరం, పెద్దక్కా?”

ఎందుకు అడుగుతోంది? ఇల్లు చూపిస్తే కూతుర్ని చూపించినట్టే, మనవరాలి ఎడమ చెవి చూపించినట్టే. ఇవాళ కాపాడిన మనిషి రేపు ఏం చేస్తుందో ఎవరు చెప్పొచ్చారు. ఇంతా చేసి ఈమె పేరు కూడా తనకి తెలియదు. పెద్దక్క ఆమె మొహంలోకి చూసింది, ఆవిరి తగ్గింది కాబట్టి కనబడింది, అలిసిపోయిన మామూలు మొహం.

“నడిచి వెళ్ళేంత దూరమే,” అంది.

“ఇద్దరం మడిస్తే తొందరగా అయిపోతుంది.”

పెద్దక్క శాలువా భుజాన వేసుకుంది. బల్ల చివరి చోటు చూసుకోమని ఎవరితోనో చెప్పింది, ఎవరితో చెప్పిందో కూడా చూడలేదు.

“పద,” అంది.